ఎనభై నాలుగు మార్కులు

పదకొండో వారం

పోయిన వారం మనం రామచంద్రాన్ని ఎక్కడ వదిలాం? ఎల్బీనగర్‌లో తన ఇంటి మెట్ల మీద. చేతిలో కూతురి ఫోను, ఫోనులో బెంగళూరు ట్రస్టు పంపిన ఉత్తరం. ఆ ట్రస్టు ఏటా పన్నెండు మంది పిల్లల్ని ఎంచుకుని, నాలుగేళ్ళ కాలేజీ చదువూ హాస్టలూ పుస్తకాలూ అన్నీ తానే చూసుకుంటుంది. దరఖాస్తు పెట్టినవాళ్ళు ఐదు వేల పైమాటే. ఆ పన్నెండు పేర్లలో ఏడోది అతని కూతురు శృతిది. తొమ్మిదోది శృతి స్నేహితురాలు సంధ్యారాణిది. ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో జోగారావు నడిపే ఆన్‌లైన్ హైస్కూల్ సెంటర్ పిల్లలే. భార్య ఆండాలు సంతోషం పట్టలేక వీధిలో నాలుగిళ్ళకు పరవాన్నం పంచింది.

ఉత్తరం చివర మాత్రం ఒక వాక్యం ఉంది. శనివారం పదకొండు గంటలకు విద్యార్థి, తండ్రి, సెంటర్ బాధ్యులు ముగ్గురూ కలిసి కెమెరా ముందు కూర్చోవాలి, నవంబర్ పరీక్షల గురించి కొన్ని విషయాలు తెలుసుకోవాల్సి ఉంది. అది చదివాకే రామచంద్రం మెట్ల మీద కూలబడ్డాడు. ఆ ఇంట్లో ముగ్గురిలో నవంబర్ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

ఇప్పుడు ఆ సంగతి చెప్పుకోవాలి.

పదో తరగతి కాగానే శృతిని అందరిలాగే పెద్ద కాలేజీ హాస్టల్లో వేశారు. ఇరవై రెండో రోజున వార్డెన్ ఫోన్ చేసి తీసుకుపొమ్మన్నాడు. పిల్ల అన్నం మానేసింది, నిద్ర మానేసింది, కూర్చున్నచోటే కూర్చుని జుట్టు పీక్కుంటోంది. ఇంటికి వచ్చాక కూడా నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని పదకొండు, పన్నెండు చదువుకోవచ్చని తెలిసి జోగారావు సెంటర్‌లో చేర్పించారు. అక్కడ తరుముకొచ్చేవాళ్ళు ఎవరూ లేరు. పిల్ల మెల్లగా మనిషైంది. ఆదివారాలు హయత్‌నగర్ నుంచి సంధ్యారాణి వచ్చేది. ఇద్దరూ హాల్లో చాప వేసుకుని చదివేవారు, ఆండాలు చేసిన సర్వపిండి తిని మళ్ళీ చదివేవారు.

నవంబర్‌లో ఆరు పరీక్షలు జరిగాయి. ఆ మార్కులే బెంగళూరుకు వెళ్తాయి. శృతికి కెమిస్ట్రీలో ఎనభై నాలుగు వచ్చాయి, మిగతావీ ఆ దరిదాపుల్లోనే. పిల్ల సంబరంగా వచ్చి చెప్పింది. రామచంద్రం తల ఊపి, లోపల లెక్క వేసుకున్నాడు. ఐదు వేల మందికి పన్నెండు. అంటే నాలుగు వందల పైచిలుకు మందిలో ఒకరు. నాలుగు వందల పెట్టెల్లో ఒక్కటి ఎత్తుకుపోయేవాడు ఏది ఎత్తుకుపోతాడు? మూత తీయగానే కంటికి నిండుగా కనిపించేది.

అతను పళ్ళ మార్కెట్లో కమీషన్ ఏజెంటు. గడ్డిఅన్నారంలో తండ్రి దుకాణం, ఆ తర్వాత తన దుకాణం, మార్కెట్ ఊరి బయటికి వెళ్ళాక పెద్ద అంబర్‌పేట్ దాటి ఇంకో దుకాణం. పెట్టె సర్దడం ఆ బజారులో అందరికీ తెలిసిన పని. అడుగున చిన్న కాయలు, మచ్చ కాయలు. పై వరసలో ఒకే సైజు, ఒకే రంగు, ముచ్చికలన్నీ ఒకవైపు తిప్పి పేరుస్తారు. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. దాన్ని మోసమని ఎవరూ అనరు. రామచంద్రమూ అనుకోలేదు. జోగారావు దగ్గరికి వెళ్ళి, పిల్లకు కూడా పై వరస ఒకటి సర్దమన్నాడు.

పరీక్ష మధ్యలో నెట్ పోయిన పిల్లల కోసం వారం లోపు పేపర్ మళ్ళీ పంపే వీలు ఒకటి ఉంది. ఎమ్మెస్సీ చదివిన మనిషి ఒకడు జోగారావు గదిలో కూర్చుని శృతి పేరుతో ఆరు పేపర్లూ మళ్ళీ రాశాడు. పంపే ముందు ప్రతిసారీ శృతి ఫోనుకు ఓటీపీ వస్తుంది. రామచంద్రం మధ్యాహ్నం మార్కెట్ నుంచి వచ్చి భోంచేశాక, "నా ఫోన్ల చార్జింగ్ లేదు బిడ్డా, జర నీది ఇయ్యి" అని తీసుకుని, బాల్కనీలోకి వెళ్ళి జోగారావుకు అంకెలు చదివి వినిపించి, మెసేజ్ తీసేసేవాడు. ఆరు రోజులు, ఆరుసార్లు. కొత్త మార్కులు నేరుగా బెంగళూరుకు వెళ్తాయి, శృతి లాప్‌టాప్‌లో పాతవే ఉంటాయి, పిల్లకు తెలిసే దారే లేదన్నాడు జోగారావు. ఆ మాట ఒక్కటీ నిజమే. శనివారం పదకొండు గంటల దాకా పిల్లకు ఏమీ తెలియదు.

* * *

మామిడి సీజన్లో శనివారం దుకాణం వదిలి రావడం రామచంద్రానికి ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి. తండ్రీ కూతురూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, బట్టల దుకాణం పక్క సందులో మెట్లెక్కారు. రెండో అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్. గోడల నిండా ర్యాంకులు, ఫొటోలు. మూడో అంతస్తులో జోగారావు గది.

"రండి రండి రామచంద్రం గారూ. అమ్మా శృతీ, మంచినీళ్ళు తాగుతావా? కంగారేం లేదండి, ఇవన్నీ మామూలే. ఊరికే నాలుగు ప్రశ్నలడిగి వదిలేస్తారు" అన్నాడు జోగారావు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆ సాగతీత పోలేదు. ఆ రోజు టై కూడా కట్టుకున్నాడు. ఏసీ నడుస్తున్నా మెడ చుట్టూ తడి కనిపిస్తోంది.

తెర మీద ఒక పెద్దావిడ కనిపించింది. నెరిసిన జుట్టు, మందపాటి కళ్ళద్దాలు. పేరు ఉదయలక్ష్మి, ట్రస్టులో ఎంపికల పని ఆవిడదే.

"శృతీ, ముందు నీ వ్యాసం గురించి ఒక మాట" అందావిడ. "తోటలో కోసిన మామిడి కాయ మన ఇంటికి చేరేలోపు ఎన్ని చోట్ల కుళ్ళిపోతుందో రాశావు. ఎండలో నిలబడి నలభై పెట్టెలు విప్పి లెక్కపెట్టానన్నావు. నిజంగానే లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టిన మేడం. రెండు దినాలు చేతుల వాసన పోలె."

ఆవిడ నవ్వింది. "అందులో నాన్నగారి గురించి రాసింది మా కమిటీలో అందరికీ గుర్తుండిపోయింది. పెట్టె మూత తీయకుండానే వాసన చూసి అడుగున ఏముందో చెప్పేస్తారని. ఆయనేనా ఈయన?"

"అవ్ మేడం, మా డాడీ" అంది శృతి. గర్వంగా తండ్రి వైపు చూసింది. రామచంద్రం కెమెరాకు దండం పెట్టాడు. చేతులు దించడం మరిచిపోయాడు.

"సరే. కెమిస్ట్రీలో తొంభై ఏడు వచ్చాయి. ఆరో ప్రశ్న ఎలా చేశావో చెప్తావా?"

శృతి కనుబొమలు ముడిచింది. "తొంభై ఏడు కాదు మేడం. తప్పు పడ్డట్టుంది. నాది ఎనభై నాలుగు."

జోగారావు దగ్గాడు. "అది తర్వాత పెరిగుంటుందమ్మా. మళ్ళీ దిద్దుతారు కదా, నీకు తెలీదులే."

"లేదు సార్. ఆరోది నేను తప్పు చేసిన. సగం దాక పొయ్యి ఆగిపోయిన. నాకు మంచిగ యాదికుంది."

"ఇక్కడ ఆరోది పూర్తిగా సరిగ్గా ఉందమ్మా" అంది ఉదయలక్ష్మి.

"అయితే అది నాది కాదు మేడం" అంది శృతి. ఇంకా నవ్వుతూనే ఉంది. "వేరేవాళ్ళ పేపర్ నా పేరు మీద ఎక్కినట్టుంది. పాపం, నాది వాళ్ళ మీద పొయ్యుంటది. వాళ్ళకు మార్కులు తగ్గుంటయ్. జర చూస్తరా మేడం?"

ఉదయలక్ష్మి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్ళ బేరాల్లో రామచంద్రం ఎందరి మొహాలో చూశాడు. ఈ మొహం అన్నీ తెలిసి కూర్చున్న మనిషిదని అతనికి అర్థమైంది.

"నీ పేపర్ ఎక్కడికీ పోలేదమ్మా. మా దగ్గరే ఉంది. ఆరు పేపర్లూ మొదట నువ్వు రాసినవి ఉన్నాయి, తర్వాత మార్చి పంపినవీ ఉన్నాయి. మార్చినా పాతవి చెరిగిపోవు" అంది ఉదయలక్ష్మి. జోగారావు చెయ్యి టై ముడి దగ్గరికి వెళ్ళింది. "మార్చే ముందు ఆరుసార్లు ఓటీపీ వెళ్ళింది. నవంబర్ పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా రోజుకొకటి, మధ్యాహ్నం రెండు దాటాక. చివర డెబ్బై ఒకటి వచ్చే నంబర్ ఎవరిది?"

"నాదే మేడం."

"చూశారా మేడం" అన్నాడు జోగారావు వెంటనే. "అమ్మాయి ఫోనే. సెంటర్‌కు ఇందులో ఏ సంబంధమూ లేదండి. చిన్నపిల్లలు, మార్కుల మీద ఆశ. మేం ఎంత కనిపెట్టి ఉన్నా..."

"మిమ్మల్ని నేనింకా అడగలేదు" అంది ఉదయలక్ష్మి. "శృతీ, ఆ అంకెలు ఎవరికైనా చెప్పావా? ఫోను ఎవరికైనా ఇచ్చావా?"

మధ్యాహ్నం. రెండు దాటాక. నవంబర్. శృతి పెదవులు కదిలాయి, లెక్క చూసుకుంటున్నట్టు. ఆ లెక్క ఎక్కడికి చేరుతుందో రామచంద్రానికి తెలుసు. నెమ్మదిగా అతని వైపు తిరిగింది. కోపంగా చూడలేదు. ఏదో ఒకటి చెప్తాడని, చెప్పి దీన్ని సరిచేస్తాడని చూసింది.

"రామచంద్రం గారూ, మీరేమైనా చెప్తారా?" అంది ఉదయలక్ష్మి.

అతని తండ్రి కాలంలో తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. నోటితో ఒక్క మాట బయటికి వచ్చేది కాదు. ఎంతకు తెగిందో పక్కవాడికి తెలిసేది కాదు. ఆ బజారులో పుట్టి పెరిగిన నోరు ఈ గదిలో తెరుచుకోలేదు. తెరుచుకున్నప్పుడు వచ్చిన మాట ఇది.

"నాకు గీ కంప్యూటర్ సంగతులు తెల్వయ్ మేడం."

శృతి ఇంకో రెండు క్షణాలు అతన్నే చూసింది. తర్వాత తెర వైపు తిరిగింది.

"యాదికి లేదు మేడం" అంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పడం రామచంద్రం పదిహేడేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

ఉదయలక్ష్మి గొంతు తగ్గించింది. "వినండి. అయిదింటికి కమిటీ కూర్చుంటుంది. ఈలోపు జరిగింది ఎవరో ఒకరు రాసి పంపాలి. విద్యార్థే మార్పించి ఉంటే ఆ ఒక్క పేరూ పోతుంది. విద్యార్థికి తెలియకుండా వేరేవాళ్ళు చేసి ఉంటే ఆ పేరు ఉంచాలా వద్దా అన్నది కమిటీ ఆలోచిస్తుంది, నేను మాట ఇవ్వలేను. సెంటర్ చెయ్యి ఉందని తేలితే మాత్రం ఆ సెంటర్ నుంచి వచ్చిన మిగతా పేర్లన్నీ తీసేస్తారు. ఎవరూ రాయకపోతే ఫోను ఎవరిదో వాళ్ళే చేశారని రాసుకుంటాం." తన నంబర్ చెప్పింది, ముగ్గురూ రాసుకున్నారు. "ఇంకొకటి. చెప్పకూడదేమో, కానీ చెప్తాను. మాకు డెబ్బై అయిదు దాటితే చాలు. ఆ తర్వాత మార్కులు చూడం. వ్యాసం చూస్తాం. తప్పు చేసినచోట పిల్ల ఎలా ఆలోచించిందో చూస్తాం. ఆ సగంలో ఆగిపోయిన ఆరో ప్రశ్న చాలా బాగుందమ్మా శృతీ."

తెర నల్లబడింది.

* * *

శృతి ముందే మెట్లు దిగి వెళ్ళిపోయింది. రామచంద్రం రెండో అంతస్తు మలుపులో ఆగాడు, జోగారావు వెనకే వచ్చాడు.

"మార్చినంక పాతయి ఉండయ్ అంటివి గద సార్?"

"అలాగే అనుకున్నానండి. నాకేం తెలుసు?"

"పిల్ల మీదికి తోస్తివి. నా ముంగట్నే తోస్తివి."

"మరి మీరేం చేశారండీ?" అన్నాడు జోగారావు. గొంతులో మర్యాద అలాగే ఉంది. "కన్నతండ్రి మీరు. నోట్లో నాలుక మీకూ ఉంది కదా. నవంబర్‌లో నేను మీ ఇంటికొచ్చి అడిగానా? మీరే కదండీ మూడు రోజులు నా ప్రాణం తీశారు, పైన నాలుగు మంచివి పెట్టండి సార్ అని. ఇప్పుడు నిజం రాస్తారా? రాయండి. సంధ్యారాణి పేరు పోతుంది. ఆ పిల్ల ఒక్క మార్కు మార్చలేదు, ఆ సంగతి మీకూ తెలుసు. వాళ్ళమ్మ హయత్‌నగర్ డిపో ఎదురుగా జాకెట్లు కుట్టి చదివిస్తోంది. నా దగ్గర ఇంకా నలభై మంది పిల్లలున్నారు, రేపు ఈ సెంటర్ పేరు చెప్పుకుని ఎక్కడికెళ్తారు? మీ అమ్మాయికేం, ఒక ఏడాది ఆగితే ఇంకోటి దొరుకుతుంది. నిదానంగా ఆలోచించుకోండి."

జోగారావు అబద్ధం చెప్పి ఉంటే తిట్టేవాడు. అన్నీ నిజాలే చెప్పాడు. రామచంద్రం ఫొటోల గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా శృతి కూర్చోలేదు. తలుపు పక్కన ఫోను పట్టుకుని నిలబడింది, ఏదో టైపు చేస్తోంది. రామచంద్రం పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. రైలు చైతన్యపురి దాటింది.

"బిడ్డా."

శృతి ఫోను సంచిలో వేసుకుంది.

"ఐదు వేల మంది శృతీ. పన్నెండే సీట్లు. నేను లెక్క చూసిన. ఎట్ల ఒస్తదని..."

"నా ఎనభై నాలుగు నీకెందుకు చాలలె డాడీ?"

చుట్టూ మనుషులున్నారు. అందుకని మెల్లగానే అంది.

"హాస్టల్లకెల్లి ఒచ్చినంక నన్ను నేను నమ్మనీకి ఏడాది పట్టింది" అంది. "ఎనభై నాలుగు ఒచ్చిన దినం ఫస్ట్ టైం అనిపించింది నాకు, నాతోని అయితదని. నువ్వు అదే దినం వేరేటోన్ని పెట్టినవ్. ఒక్కసారి నన్నడగొచ్చు గద."

ఎల్బీనగర్ వచ్చింది. దిగారు. ఆ తర్వాత ఇంటి దాకా ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల దూరం అలాగే ఉంది.

* * *

ఆండాలు మొదట నమ్మలేదు. నమ్మాక తిట్టలేదు. శృతి గది తలుపు వేసుకున్నాక వంటింట్లో పొయ్యి ఆపి వచ్చి, భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అంటే గిప్పుడు పిల్లే దొంగతనం చేసినట్టు లెక్క. అంతేనా?"

"నేను రాస్త ఆండాలు. నేనే చేసిన అని రాస్త. జోగారావు పేరు తియ్య. అట్లయితే సంధ్యకు కూడ ఏం కాదు."

ఉత్తరం రాసి చూపించాడు. ఆండాలు రెండుసార్లు చదివింది.

"నువ్వు ఏడో తరగతి తప్పినోనివి" అంది. "నువ్వు కూసొని ఆరు పేపర్లు ఇంగ్లీషుల రాస్తివా? కెమిస్ట్రీ రాస్తివా? గా మేడం నవ్వుతది. అబద్ధం మీద ఇంకో అబద్ధమా? పై వరస సర్దుడు ఇంక ఆపవా ఏమయ్యా నువ్వు?"

అతను కాగితం చింపేశాడు. ఇంకోటి తీసుకున్నాడు. పెన్ను పెట్టి కూర్చున్నాడు. గోడ మీద గడియారం రెండున్నర నుంచి మూడున్నరకు పోయింది.

ఏ సరుకైనా అతను మూడు మాటల్లో ధర కట్టేవాడు. ఈ సరుకుకు కట్టలేకపోయాడు. నిజం రాస్తే తన పిల్ల పేరు నిలవొచ్చు, నిలవకపోవచ్చు. పరాయివాళ్ళ పిల్ల పేరు మాత్రం తప్పకుండా పోతుంది. రాయకపోతే ఆ పిల్ల నిలుస్తుంది, తన పిల్ల దొంగగా మిగులుతుంది. ఆ రెండింటికీ బయట, ఏమీ పోకుండా కూర్చున్నవాడు తానొక్కడే. తప్పు చేసినవాడికి నష్టం లేని లెక్క ఏమిటిది? ఎక్కడ తిప్పి చూసినా అతని వంతు సున్నాగానే వస్తోంది.

నాలుగు కాకముందే రాయడం పూర్తయింది. ఎవరు అడిగారు, ఎవరు రాశారు, ఓటీపీ ఎవరు చదివారు, అంతా ఉంది. జోగారావు పేరూ ఉంది. చివర సంతకం పెట్టాడు. కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పంపడానికి చెయ్యి రాలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది.

"ఆంటీ! శృతీ! ఏడున్నర్రు అందరు?" సంధ్యారాణి లోపలికి వచ్చింది. చేతిలో కోవా బిళ్ళల డబ్బా. ఎండలో వచ్చిన మొహం ఎర్రగా వెలుగుతోంది. "అంకుల్, మూడింటికి నా ఇంటర్వ్యూ అయిపోయింది. మస్తు భయమేసింది గాని మేడం ఏం అడగలె. మా అమ్మ ఏం పని చేస్తదని అడిగి, జాకెట్ కుట్టనీకి ఎంతసేపు పడ్తదని అడిగి నవ్వింది. మా అమ్మనైతే మిషిన్ బంద్ చేసి ఏడుస్తుంది అంకుల్. గీ డబ్బా మీకే ఇయ్యమన్నది ముందుగాల. మీ ఇంట్లనే చదివిన గద."

డబ్బా తెరిచి రామచంద్రం ముందు పట్టుకుంది. అతను ఒక బిళ్ళ తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేదు, అరచేతిలో పట్టుకున్నాడు.

శృతి తలుపు తీసింది. మొహం కడుక్కుని ఉంది. స్నేహితురాల్ని చూసి నవ్వింది కూడా. "లోపలికి రావే" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. గదిలోంచి సంధ్యారాణి మాటలు వినిపిస్తున్నాయి. హాస్టల్లో ఇద్దరం ఒకే రూము అడుగుదాం, నాకు కిటికీ పక్కన మంచం కావాలె, నీకు రాత్రి లైట్ ఉంటే నిద్ర రాదు గద, ఎట్ల మరి.

నాలుగు నలభై. ఆండాలు వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. రామచంద్రం జేబులోంచి కాగితం తీసి, బల్ల మీద పరిచి, ఫొటో తీశాడు. లోపల ఇద్దరిలో ఒకరు నవ్వారు. ఎవరో పోల్చుకోలేకపోయాడు. కోవా అంటిన వేలితో ఫోను నొక్కాడు. ఫొటో ఉదయలక్ష్మి నంబర్‌కు వెళ్ళిపోయింది.

తన పిల్లను కాపాడుకోవడానికి ఇంకొకరి పిల్లను అమ్మేశాడు. అతని మనసులో ఆ పనికి వేరే పేరు రాలేదు.

నాలుగు యాభై రెండుకు ఫోను మోగింది. ఎత్తబోతే స్పీకర్ మీద వేలు పడింది.

"రామచంద్రం గారూ, ఉదయలక్ష్మిని. మీరు పంపింది చదివాను. కానీ దీనికంటే ముందే, మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి మీ అమ్మాయి ఒక ఉత్తరం పంపింది."

రామచంద్రానికి మెట్రో తలుపు పక్కన శృతి టైపు చేయడం గుర్తొచ్చింది.

"చదువుతాను వినండి. 'ఆ పేపర్లు నేనే మార్పించాను. ఓటీపీ నేనే చెప్పాను. మా డాడీకీ సెంటర్‌కూ ఏమీ తెలియదు. నా పేరు తీసేయండి. సంధ్యారాణికి దీనితో సంబంధం లేదు.' అంతే ఉంది." ఆవిడ ఆగింది. "రెండూ నిజం కాలేవు కదండీ. ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఒక్కటే కమిటీ ముందు పెట్టగలను. మీది వెనక్కి తీసుకుంటానంటే ఇప్పుడే చెరిపేస్తాను, ఎవరికీ తెలియదు. ఉంచమంటే ఆ సెంటర్ పేర్లు రెండూ బల్ల మీదికి వస్తాయి. ఏం చెయ్యమంటారు?"

గది తలుపు తెరుచుకుని ఉంది. శృతి గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. తండ్రి కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. వద్దు. మళ్ళీ ఊపింది.

ఆమె భుజం మీదుగా సంధ్యారాణి తొంగి చూసింది. చేతిలో డబ్బా ఇంకా అలాగే ఉంది.

"ఏంది అంకుల్? నా పేరు ఇనొచ్చింది. ఎవరు ఫోన్ల?"

"రామచంద్రం గారూ, వినిపిస్తోందా?" అంది ఫోను.

పొద్దున ఇదే గొంతు ఇదే మాట అడిగితే నోరు పెగలని మనిషి అతను. అరచేతిలో కోవా మెత్తబడి వేళ్ళ సందుల్లోకి కారుతోంది. కూతురు ఇంకా తల ఊపుతూనే ఉంది.

రామచంద్రం నోరు తెరిచాడు.

(తరువాయి వచ్చే వారం)